చప్పట్లు ఆపిన పాపం ఎవరిది?

నాయకుల చేతిలో అన్యాయమైపోయిన ప్రజల గురించి రాసేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు. ప్రజల చేతిలో అన్యాయమైపోయిన నాయకుల గోడు వినే నాథుడే లేడు. ఆ లోటు తీర్చడానికి నేనొక కక్షిదారు తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను. ఆయన పేరు నికోలాయ్ చౌషెస్కు. రుమేనియా కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, దేశాధ్యక్షుడు, సర్వసేనాని, కార్పాతియన్ పర్వతాల మహామేధావి, ఆలోచనల డాన్యూబ్ నది. చివరి రెండూ పదవులు కావు, బిరుదులు. కానీ ఆయన హయాంలో ఆ బిరుదులు మర్చిపోయినవాడి పదవి ఎక్కువకాలం నిలిచేది కాదు కనుక అన్నిటినీ ఒకే వరసలో రాశాను.

1989 డిసెంబరు 25న, క్రిస్మస్ పూట, ఆయన్నీ ఆయన భార్య ఎలీనానూ తిర్గోవిష్టే అనే ఊళ్లోని సైనిక శిబిరంలో గోడకు నిలబెట్టి కాల్చేశారు. విచారణ అంతా కలిపి ఇంచుమించు ఒక గంట. ఆయన తరఫున వాదించాల్సిన వకీళ్లే లేచి నిలబడి ఆయన్ని తప్పుపట్టారు. జేబుదొంగకైనా ఇంతకన్నా మంచి వకీలు దొరుకుతాడు. కాబట్టి కేసు మూతపడి దశాబ్దాలైనా సరే, వాదన వినిపించక తప్పదనుకుంటున్నాను.

నా కక్షిదారు 1918లో స్కోర్నిచెష్ట్ అనే పల్లెలో పేద రైతు ఇంట పుట్టాడు. పదకొండేళ్లకే రాజధాని బుకారెస్ట్ వెళ్లి బూట్లు కుట్టే పనిలో చేరాడు. మీసాలు రాకముందే కమ్యూనిస్టు యువజన ఉద్యమంలో చేరి, బడికన్నా జైలుకే ఎక్కువసార్లు వెళ్లాడు. పార్టీ అప్పటికి నిషేధంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో కూడా దేశం మొత్తం మీద పార్టీ సభ్యులు వెయ్యికి అటూ ఇటూ. అంత చిన్న పార్టీలో పైకి రావడం సులువే అనుకుంటారేమో. ఎంత చిన్న పార్టీ అయితే అంత పెద్ద ముఠాలు ఉంటాయని రాజకీయాలు తెలిసినవాళ్లకు వేరే చెప్పాలా? తిర్గు జియు నిర్బంధ శిబిరంలో ఆయనకు గెయోర్గియు దేజ్ అనే పెద్ద నాయకుడి నీడ దొరికింది. బిజినెస్ స్కూళ్లు ఫీజు కట్టించుకుని నేర్పే నెట్‌వర్కింగ్ ఆయనకు సర్కారు ఖర్చుతో, భోజనంతో సహా అబ్బింది.

యుద్ధం ముగిశాక దేజ్ దేశానికి అధినేత అయ్యాడు. 1965 మార్చిలో దేజ్ చనిపోయాడు. వారసత్వానికి పోటీ పడుతున్న పెద్దలు ఒకరినొకరు అడ్డుకునే ప్రయత్నంలో, అందరిలోకీ చిన్నవాడు, మాట తడబడేవాడు, ఎవరికీ ముప్పు తేలేడనిపించినవాడు అయిన నా కక్షిదారును పీఠం మీద కూర్చోబెట్టారు. మనం చెప్పినట్టు వింటాడులే అని ప్రతి ఒక్కరూ విడివిడిగా అనుకున్నారు. పదేళ్లు తిరిగేసరికి ఆ పెద్దల్లో ఒక్కరు కూడా పదవిలో లేరు. దీన్ని కొందరు కుట్ర అంటారు. తనను తక్కువ అంచనా వేసినవాళ్లకు విశ్రాంతి కల్పించడం కుట్ర ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఇక ఆయన జీవితంలో అత్యుత్తమ రోజు గురించి చెప్పాలి. 1968 ఆగస్టు 21. ముందురోజు రాత్రి సోవియట్ ట్యాంకులు, వార్సా ఒప్పందంలోని తోటి దేశాల సైన్యాలను వెంటేసుకుని చెకొస్లొవేకియాలోకి దూరాయి. ఆ దండులో రుమేనియా లేదు. బుకారెస్ట్‌లో పార్టీ కేంద్ర కమిటీ భవనం బాల్కనీలోకి వచ్చి నా కక్షిదారు ఆ దురాక్రమణను బహిరంగంగా ఖండించాడు. రేపు మన మీదికొస్తే సాయుధులమై ఎదుర్కొంటాం అన్నాడు. కింద నిండిన జనం చప్పట్లు కొట్టారు. ఎవరూ ఫ్యాక్టరీ బస్సుల్లో తోలుకురాలేదు, ఎవరూ ప్లకార్డులు పంచలేదు. కొందరు ఏడ్చారట కూడా. ఆ రోజు చాలామంది కొత్తగా పార్టీలో చేరారు, అందులో పార్టీని అంతకుముందు అసహ్యించుకున్న రచయితలూ ఉన్నారు. నిజం చెప్పాలంటే అది ధైర్యమే. ఎదుటి పక్షం కూడా దీన్ని కాదనలేదు.

చిక్కు అక్కడే మొదలైంది. మనస్ఫూర్తిగా కొట్టిన చప్పట్లు ఎలా ఉంటాయో మనిషికి ఒకసారి రుచి తెలిశాక ఇక ఊరుకోలేడు. ఆ రోజు వరకూ ఆయన కార్మికవర్గ ప్రతినిధి. ఆ రోజు నుంచీ ఆయన జాతి. ప్రపంచ కార్మికులారా ఏకం కండి అన్న నోటితోనే, రెండు వేల ఏళ్లకు ముందు ఈ నేలను ఏలిన దాచియా రాజు బురెబిస్తా మొదలుకుని మధ్యయుగపు మిహాయ్ విటెజూల్ దాకా వీరులందరి పేర్లూ వల్లెవేయడం మొదలుపెట్టాడు. 1980లో దాచియా రాజ్యానికి 2,050 ఏళ్లు నిండాయని దేశవ్యాప్తంగా ఉత్సవం చేశారు. రాజులను రద్దు చేసిన పార్టీ రాజుగారి పుట్టినరోజు చేస్తోందేమిటని అడిగేవాళ్లు అప్పటికే సెన్సారు ఆఫీసుకు అవతల ఉన్నారు. చరిత్ర పుస్తకాల్లో వీరుల వరస బురెబిస్తాతో మొదలై నా కక్షిదారుతో ముగిసేది. అంతకన్నా ముందుకు చరిత్ర వెళ్లాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

మాస్కోను ఎదిరించినవాడిని పశ్చిమ దేశాలు నెత్తిన పెట్టుకున్నాయి. 1969లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ స్వయంగా బుకారెస్ట్ వచ్చాడు. 1972లో రుమేనియా అంతర్జాతీయ ద్రవ్య నిధి ఐఎంఎఫ్‌లో చేరింది. 1978లో నా కక్షిదారు దంపతులు బ్రిటన్ రాణిగారి అతిథులుగా బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో బస చేశారు. విమానాల బేరం కోసం బ్రిటన్ ఆయనకు గౌరవ నైట్ హోదా కూడా ఇచ్చింది. ప్యాలెస్ తోటలో కుక్కలతో షికారుకు వెళ్లిన రాణిగారు దూరాన ఈ దంపతులు రావడం చూసి పొద చాటున దాక్కున్నారని ఒక కథ ఉంది. కథే అయితే కావచ్చుగానీ, ఆ నైట్ హోదాను వెనక్కి తీసుకున్న తేదీ మాత్రం చరిత్రే: 1989 డిసెంబరు 24. అంటే ఆయన్ని కాల్చడానికి ఒక్క రోజు ముందు. పదకొండేళ్లపాటు బ్రిటన్ విదేశాంగ శాఖకు కనిపించని నియంతృత్వం, ఆయన పదవి పోయిన రెండు రోజుల్లో స్పష్టంగా కనబడింది. చూపు మందగించినవాళ్లకు కొంత సమయం పడుతుంది, తప్పు పట్టకూడదు.

1971లో ఆయన చైనా, ఉత్తర కొరియాలు చూసొచ్చాడు. ప్యోంగ్యాంగ్‌లో కిమ్ ఇల్ సంగ్ కోసం స్టేడియాలు నింపి, లక్షల చేతులు ఒకేసారి లేపి, ఒకేసారి దించే పద్ధతి చూసి ముగ్ధుడైపోయాడు. 1968లో తనకు ఒక్కసారి, అదీ అయాచితంగా దొరికిన సరుకు అక్కడ కేంద్రీకృత ప్రణాళిక ప్రకారం ఉత్పత్తి అవుతోంది! తిరిగొచ్చిన వెంటనే జూలైలో కొత్త సాంస్కృతిక విధానం ప్రకటించాడు. కళలూ సాహిత్యమూ ఇకపై పార్టీ లైనులో నడవాలి. ఆ లైను ఎక్కడికి పోతుందో కవులు తొందరగానే పసిగట్టారు. ఆ తర్వాత రుమేనియాలో ఏ సరుకుకైనా కొరత వచ్చిందిగానీ, చప్పట్లకు రాలేదు.

1974లో దేశాధ్యక్ష పదవిని కొత్తగా సృష్టించి ఆయనకిచ్చారు. ప్రమాణ స్వీకారం నాడు ఆయన చేతిలో ఒక రాజదండం కూడా పెట్టారు. కమ్యూనిస్టు అధ్యక్షుడికి రాజదండం ఏమిటని స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీకి ఎంత సరదా వేసిందో, ఈ చారిత్రాత్మక ఘట్టాన్ని ఎంతగానో అభినందిస్తున్నానంటూ టెలిగ్రాం కొట్టాడు. డాలీ ఎలాంటి వేళాకోళం మనిషో ప్రపంచానికంతటికీ తెలుసు. పార్టీ పత్రిక ‘స్కింతెయా’కు తెలియలేదు. ప్రముఖుల అభినందనల్లో దాన్ని కూడా గౌరవంగా అచ్చేసింది. నన్నడిగితే వ్యంగ్య రచయితలు ఆ కాలంలో బతకలేకపోవడానికి సెన్సారు ఒక్కటే కారణం కాదు. వాళ్లు రాయాల్సినదంతా ప్రభుత్వమే ముందుగా ప్రచురించేది.

ఎలీనా గారి గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ప్రాథమిక విద్య దాటని ఈ మహిళ రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొంది, ప్రపంచ ప్రసిద్ధ శాస్త్రవేత్తగా దేశ విదేశాల అకాడెమీల్లో సభ్యురాలయ్యారు. ఆమె పేరుతో వచ్చిన పరిశోధనలు ఎవరు రాశారని ఇప్పటికీ వాదనలున్నాయి. ఆమె రాయలేదన్న విషయంలో మాత్రం వాదన లేదు. 1980లో ఆమె మొదటి ఉప ప్రధాని కూడా అయ్యారు. కొడుకు నికూ, అన్నదమ్ములు, బావమరుదులు తలా ఒక పదవిలో ఉన్నారు. ఒకే దేశంలో సోషలిజం సాధ్యమేనని స్టాలిన్ చెప్పాడు. ఒకే కుటుంబంలో కూడా సాధ్యమని నా కక్షిదారు నిరూపించాడు. ఆ ఇంటి నల్ల లాబ్రడార్ కుక్క కోర్బు, బ్రిటన్ లిబరల్ నాయకుడు డేవిడ్ స్టీల్ ఇచ్చిన కానుక. దానికి కర్నల్ హోదా ఇచ్చారని, సొంత కారులో తిరిగేదని చెబుతారు. కుటుంబ సభ్యుల్లో ప్రజలు పెద్దగా ఆక్షేపించనిది ఆ కర్నల్‌నొక్కణ్నే.

సొంతూరిని మరిచిపోయేవాడు నాయకుడా? స్కోర్నిచెష్ట్‌కు పెద్ద స్టేడియం, ఎఫ్‌సీ ఓల్త్ అనే ఫుట్‌బాల్ జట్టూ వచ్చాయి. 1978లో ఆ జట్టు పై డివిజన్‌కు ఎక్కాలంటే, గోల్స్ తేడాలో ప్రత్యర్థి జట్టును దాటాలి. చివరి మ్యాచ్‌లో ఎలెక్ట్రోదుల్ స్లాతినా అనే జట్టు మీద 18-0తో గెలిచింది. ఓడిన జట్టు ఆ రోజు చూపిన సహకార స్ఫూర్తిని ఏ సోషలిస్టు గ్రంథమూ నమోదు చేయకపోవడం విచారకరం.

ఇప్పుడు ఆరోపణల్లో కష్టమైనవాటికి వస్తాను. 1966లో జనాభా పెంచే ఉద్దేశంతో నా కక్షిదారు 770వ నంబరు డిక్రీ తెచ్చాడు. 45 ఏళ్లు దాటనివాళ్లు, నలుగురు పిల్లలైనా లేనివాళ్లు గర్భస్రావం చేయించుకోకూడదు. గర్భనిరోధక సాధనాలు అంగళ్లలో దొరకవు. పిల్లలు లేనివాళ్లకు పన్ను. తర్వాతి రోజుల్లో ఫ్యాక్టరీలకే డాక్టర్లను పంపి ఆడవాళ్లకు గర్భ పరీక్షలు. 1966లో పుట్టిన పిల్లలు 2.73 లక్షలైతే, 1967లో 5.27 లక్షలు. ప్రణాళికా లక్ష్యాన్ని ఇంత వేగంగా అందుకున్న శాఖ రుమేనియాలో మరొకటి లేదు. దొంగచాటు గర్భస్రావాల వల్ల వేలమంది స్త్రీలు చనిపోయారు. పెంచలేక వదిలేసిన పిల్లలతో అనాథాశ్రమాలు కిక్కిరిసిపోయాయి. నా కేసులో బలహీనమైన చోటు ఇదే, కాబట్టి ఇక్కడ గొంతు పెంచను. ఒక్క సంగతి మాత్రం గుర్తుచేస్తాను. ఆ డిక్రీ వల్ల 1967లో పుట్టిన పిల్లలకు 1989 నాటికి ఇరవై రెండేళ్లు. వీధుల్లోకి వచ్చి ఆయన్ని దించేసిన గుంపుల్లో ముందు నిలబడ్డది వాళ్లే. ఈ లోకంలోకి రావడానికి ఎవరి సంతకం కారణమైందో ఆయన పట్లే అంత కృతఘ్నత!

తర్వాతది అప్పు. 1970లలో పశ్చిమ దేశాల బ్యాంకులు పిలిచి మరీ అప్పులిచ్చాయి. వాటితో పెద్ద పెద్ద చమురు శుద్ధి కర్మాగారాలు కట్టారు. చమురు ధర పెరిగింది, వడ్డీలు పెరిగాయి, అప్పు ఇంచుమించు 1,000 కోట్ల డాలర్లయింది. అప్పు ఇచ్చినవాళ్లు సలహాలివ్వడం మొదలుపెట్టేసరికి నా కక్షిదారు ఆత్మాభిమానం దెబ్బతింది. ఒక్క డాలరు కూడా మిగల్చకుండా తీర్చేస్తానన్నాడు. తీర్చాడు కూడా. 1989 ఏప్రిల్‌లో ఆ శుభవార్త ప్రకటించాడు. అప్పులు ఎగ్గొట్టే దేశాధినేతలున్న ప్రపంచంలో ఇలాంటి నిజాయితీపరుణ్ని కాల్చి చంపారంటే, రుణదాతల సంఘాలు ఏం చేస్తున్నట్టు?

ఎలా తీర్చాడని మీరడగొచ్చు. మాంసం, వెన్న, గోధుమ, ఏది పండితే అది ఎగుమతి. ఇంట్లో ఉండేవాళ్లకు రేషను. జనం మరీ ఎక్కువ తింటున్నారని శాస్త్రీయంగా తేల్చి, 1982లో హేతుబద్ధమైన ఆహార కార్యక్రమం అంటూ ఒకటి తెచ్చారు. దాని ప్రకారం రుమేనియన్ల ఇబ్బంది ఆకలి కాదు, స్థూలకాయం. చలికాలంలో ఇళ్లకు వేడి సరిగా వచ్చేది కాదు. గదికి 40 వాట్ల బల్బు. ఆదివారాలు కారు తీయాలంటే నంబరు ప్లేటు సరి సంఖ్యా, బేసి సంఖ్యా చూసుకోవాలి. మామూలు రోజుల్లో టీవీ రెండు గంటలే, అందులో సింహభాగం ఆయనే. టైపు మిషను ఉన్నవాళ్లు పోలీసుల దగ్గర రిజిస్టరు చేయించి, దాని అక్షరాల నమూనా ఇచ్చిరావాలి. కిటికీ తెరవకండి, బయట నడిచేవాళ్లకు జలుబు చేస్తుంది అన్నది ఆ రోజుల్లో ఇళ్ల చలి మీద బుకారెస్ట్‌లో చెప్పుకున్న జోకు. జోకులకు మాత్రం రేషను పెట్టలేకపోయారు. రహస్య పోలీసు సెక్యురిటాటే వాటిని కూడా ఫైళ్లలో రాసుకునేదంటారు; ఆ విభాగంలో ఉద్యోగానికి ఎంత పోటీ ఉండేదో!

మనుషులు కూడా ఎగుమతి సరుకే. దేశంలోని జర్మన్ జాతివాళ్లు లక్షలాదిమంది వెళ్లిపోవడానికి పశ్చిమ జర్మనీ తలకింత అని మారకం కట్టేది. దోపిడీ లేని సమాజంలో మనిషి విలువ ఎంతో కచ్చితంగా, విదేశీ మారకంలో తేలిన సందర్భం ఇదొక్కటే అనుకుంటాను.

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్న సామెతను ఎదుటి పక్షం ఆయన బుకారెస్ట్‌లో కట్టించిన ప్రజా భవనం గురించి వాడుతుంది. 1977లో వచ్చిన పెద్ద భూకంపంలో బుకారెస్ట్ దెబ్బతింది, దేశం మొత్తం మీద పదిహేను వందలకు పైగా జనం చనిపోయారు. నగరం ఎటూ కూలింది కదా, మిగతాది మనమే కూలుద్దాం అని నా కక్షిదారుకు తట్టింది. పాత పేటలు, చర్చిలు, మఠాలు నేలమట్టం చేశారు. కొన్ని చర్చిలను ఒక ఇంజనీరు పట్టాల మీద పెట్టి పక్కకు జరిపించి కాపాడాడు. దేవుడి ఇంటికి రైలు ప్రయాణం కల్పించిన నాస్తిక ప్రభుత్వం ఇంకెక్కడుంది? 1984లో ఆ ఖాళీలో పనులు మొదలయ్యాయి. నేల విస్తీర్ణం 3,65,000 చదరపు మీటర్లు, ఎత్తు 84 మీటర్లు. ప్రపంచంలోకెల్లా బరువైన భవనం అని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. అంత చలువరాయి, అంత క్రిస్టల్, అన్ని షాండ్లియర్లు! వాటి కింద మాత్రం 40 వాట్ల నియమం లేదు. పూర్తయ్యేలోపు ఆయనే పోయాడు. ప్రజల కోసం ప్రజలు కట్టిన భవనంలో ఒక్క పూటైనా కొలువుండకుండా వెళ్లిపోయిన త్యాగి.

ఈ పాతికేళ్లలో ఆయనకు అసలు సంగతి చెప్పినవాళ్లు లేరా అంటే, ఒకాయన ఉన్నాడు. కాన్‌స్టాంటిన్ పర్వులెస్కు, ఎనభై ఏళ్లు దాటిన వృద్ధుడు, పార్టీ పుట్టినప్పటి మనిషి. 1979 నవంబరులో పార్టీ మహాసభలో మాట్లాడే అవకాశం పట్టుదలగా అడిగి తీసుకుని, ఈయన సొంత ప్రతిష్ఠ కోసం దేశాన్ని వాడుకుంటున్నాడు, నేను ఓటు వేయను అన్నాడు. హాలంతా లేచి ఆయన్ని అరిచి కూర్చోబెట్టింది. ఆ వెంటనే నిలబడి నా కక్షిదారుకు జేజేలు కొట్టింది. ప్రతినిధి హోదా పీకేశారు. హాల్లో వేలాదిమంది మాట ఒకటి, ఒక్క ముసలాయన మాట ఒకటి. మీరైతే ఏది నమ్ముతారు?

1987 నవంబరులో బ్రషోవ్ నగరంలో ట్రక్కుల ఫ్యాక్టరీ కార్మికులు జీతాల కోతకు తిరగబడి ఊరేగింపుగా పార్టీ ఆఫీసుకు వెళ్లారు. ఆ రోజు స్థానిక ఎన్నికలు కూడా. లోపల విందు సిద్ధంగా ఉంది. జున్ను, నారింజలు, బయట సంవత్సరాలుగా కనిపించని సరుకు. తర్వాత ఏం జరిగిందో ఊహించడానికి మార్క్స్‌ను చదవనక్కర్లేదు. ఆ కార్మికులను విచారించి ఊళ్ల నుంచి తరిమేశారు. జనంలో అసంతృప్తి ఉందన్న మాట నా కక్షిదారు దాకా వచ్చిందో లేదో తెలియదు. వచ్చినా, ఆయన తనిఖీకి వెళ్లే ముందు ప్రతి అంగడికీ మాంసం, ప్రతి పొలానికీ పచ్చదనం ముందుగానే చేరేవి. 1989 పంట 6 కోట్ల టన్నులని కింది నుంచి లెక్క వచ్చింది. వాస్తవం అందులో మూడో వంతు కూడా లేదు. ఆయనకు అబద్ధాలు చెప్పారంటారు. దేశం మొత్తం ఆయన మనసు కష్టపెట్టకూడదని అంత శ్రమపడింది అని కూడా చెప్పొచ్చు కదా!

1989 నవంబరు నెలాఖరుకు బెర్లిన్ గోడ కూలింది, ప్రాగ్‌లో జనం రోడ్ల మీదున్నారు. బుకారెస్ట్‌లో పద్నాలుగో పార్టీ మహాసభ ఏకగ్రీవంగా ఆయన్నే మళ్లీ ఎన్నుకుంది. లేచి కొట్టిన చప్పట్లు లెక్కపెట్టలేనన్ని. పార్టీ సభ్యులు అప్పటికి ముప్పై లక్షలు దాటారు. డిసెంబరు మధ్యలో తిమిషోరా నగరంలో లాస్లో తోకేష్ అనే పాస్టరును ఇల్లు ఖాళీ చేయించబోతే, ఆయన చుట్టూ నిలబడ్డ జనం తిరుగుబాటుగా మారారు. కాల్పుల్లో పదుల సంఖ్యలో చనిపోయారు. నా కక్షిదారు ఇరాన్ పర్యటన మానుకోలేదు. డిసెంబరు 20న తిరిగొచ్చి, దేశం తన వెంటే ఉందని చూపించడానికి పెద్ద సభ పెట్టమన్నాడు.

డిసెంబరు 21. అదే చౌరస్తా, అదే భవనం, 1968 నాటి అదే బాల్కనీ. ఈసారి జనాన్ని ఫ్యాక్టరీల నుంచి తోలుకొచ్చారు, ప్లకార్డులిచ్చారు, టీవీలో ప్రత్యక్ష ప్రసారం. కొద్ది నిమిషాలు సభ అనుకున్నట్టే నడిచింది. ఎక్కడో వెనుక నుంచి ఒక కేక, ఒక అలజడి, తర్వాత ఈలలు. నా కక్షిదారు చెయ్యి పైకెత్తాడు. ‘హలో, హలో’ అన్నాడు, మైకు చెడిపోయిందన్నట్టు. పాతికేళ్లలో ఆయన ఎదుర్కొన్న లోపాలన్నీ సాంకేతికమైనవే, ఇది కూడా అలాంటిదే అనుకోవడంలో తప్పేముంది? పక్కన ఎలీనా గారు జనాన్ని నిశ్శబ్దంగా ఉండమన్నారు. ప్రసారం కాసేపు ఆగింది. మళ్లీ మొదలయ్యేసరికి ఆయన కనీస వేతనం 2,000 లెయ్ నుంచి 2,200కు పెంచుతున్నానన్నాడు. చప్పట్ల ధర పెరిగిందని ఆయనకు అర్థమైనట్టుంది. సరుకు మాత్రం మార్కెట్లోంచి మాయమైపోయింది.

మర్నాడు ఆ భవనం పైకప్పు మీదికి హెలికాప్టరు రప్పించుకుని దంపతులు ఎగిరిపోయారు. పైలట్ దారిలో దించేశాడు. రోడ్డు మీద కార్లు ఆపి లిఫ్టు అడిగారు. ఆగిన మొదటి కారు దాచియా. తాను వారసుణ్నని చెప్పుకున్న ప్రాచీన రాజ్యం పేరే ఆ కారుకు కూడా. నడుపుతున్న డాక్టరు కొంత దూరం పోయాక ఇంజను మొరాయిస్తోందన్నాడు. మొరాయించలేదని తర్వాత తేలింది. అది ఆయన హయాంలో తయారైన కారు కాబట్టి ఆ సాకు చెప్పగానే ఎవరైనా నమ్ముతారు, ఆయనా నమ్మాడు. సాయంత్రానికి తిర్గోవిష్టే సైనికుల చేతిలో ఉన్నాడు.

విచారణలో 60 వేలమందిని చంపించావని ఆరోపించారు. ఆ విప్లవంలో చనిపోయినవాళ్లు మొత్తం వెయ్యికి కొంచెం పైన. అందులో ఎక్కువమంది ఆయన పదవి పోయాకే చనిపోయారు. ఒక నియంతను శిక్షించడానికి ఉన్న నిజాలే సరిపోతుండగా లేని అంకె ఎందుకు తెచ్చారో ఎవరూ వివరించలేదు. అలవాటు అనుకోవాలి. కింది నుంచి లెక్క ఎలా వస్తే అలా చదివే పద్ధతి ఆయన పోయినా పోలేదు. ఈ కోర్టును గుర్తించను, జాతీయ అసెంబ్లీ ముందే మాట్లాడతాను అన్నాడు. తాను చెప్పిందానికల్లా చెయ్యెత్తిన ఆ అసెంబ్లీ పట్ల ఆయనకు చివరిదాకా నమ్మకం. గోడ దగ్గరికి వెళ్తూ ఇంటర్నేషనల్ గీతం పాడాడంటారు. కొద్ది రోజులకే రుమేనియా మరణశిక్షను రద్దు చేసింది.

ఆ ముప్పై లక్షల పార్టీ సభ్యుల్లో డిసెంబరు 22 తర్వాత నేను సభ్యుణ్నని చెప్పినవాడు కనబడలేదు. పార్టీ కూడా దానంతటదే ఆవిరైపోయింది. ఆయన కేంద్ర కమిటీలోనే ఒకప్పుడు కార్యదర్శిగా ఉన్న ఇయోన్ ఇలియెస్కు కొత్త బోర్డు కట్టి, 1990 ఎన్నికల్లో 85 శాతం ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. ప్రజా భవనంలో ఇప్పుడు పార్లమెంటు కూర్చుంటోంది. టికెట్టు కొని పర్యాటకులు షాండ్లియర్లు చూసొస్తారు.

చివరిగా కోర్టు వారికి నా దగ్గరున్న బలమైన సాక్ష్యం సమర్పిస్తున్నాను. 2025లో రుమేనియాలో జరిగిన సర్వేలో ఇంచుమించు మూడింట రెండు వంతులమంది చౌషెస్కు మంచి నాయకుడే అన్నారు. ఫ్యాక్టరీ బస్సుల్లో తోలుకొచ్చినవాళ్లు కారు, ప్లకార్డులు పంచలేదు. ఎదుటి పక్షం వకీలు దీనికి అభ్యంతరం చెబుతూ ఒక దరఖాస్తు పెట్టాడు. సమాధానం చెప్పినవాళ్లను ఒక శీతాకాలం పాటు వేడి లేని అపార్ట్‌మెంట్లో, 40 వాట్ల బల్బు కింద, రేషను రొట్టెతో, రెండు గంటల టీవీతో ఉంచి, అదే ప్రశ్న మళ్లీ అడగాలట. ఈ దరఖాస్తును కొట్టేయవలసిందిగా గట్టిగా కోరుతున్నాను. సాక్షులను బెదిరించడం చట్టరీత్యా నేరం.